మూడు వాక్యాల రాజీనామా

పన్నెండు కొట్టేలోపు ఈ కవరు మా మేనేజరు రాడ్కె గారి చేతిలో పడాలి. పడితే డిసెంబరు ఆఖరుకి నాకు విడుదల, పడకపోతే మార్చి ఆఖరుదాకా ఇక్కడే. ఇవాళ సెప్టెంబరు ముప్పై, శుక్రవారం, ఆఫీసు మధ్యాహ్నానికే మూసేస్తారు. ఇప్పుడు పదకొండూ ఐదు. తలుపుకి "మీటింగులో ఉన్నాం" అన్న అట్టముక్క వేలాడుతోంది, నేను బయట బెంచీ మీద కూర్చున్నాను, కవరు ఒళ్ళో ఉంది, అంతా అనుకున్నట్టే ఉంది, ఒక్కటి తప్ప. నా పక్కన మారెన్ గారు కూర్చుని ఉంది. జూలైలో పోయిన మోమ్సెన్ గారి కూతురు. మూడంతస్తుల ముసలివాళ్ళ హోములో ఆఫీసు ముందు వేసింది ఈ ఒక్క బెంచీ, దాని మీద నాకు జానెడు దూరంలో ఆవిడ. నన్ను చూడగానే లేచి నిలబడి నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. "అయ్యో హైంకె గారూ, దారంతా మీ గురించే అనుకుంటూ వచ్చాను!" అంది. నేను "మొయిన్" అన్నాను. మా వైపు పెళ్ళిలోనూ చావులోనూ అదే పలకరింపు, అందుకని బతికిపోయాను, ఇంకో మాట వెతుక్కోవాల్సి వస్తే అక్కడే నిలువునా కూలిపోయేదాన్ని. ఎందుకంటే ఈవిడ తల్లి చావుకి నేను కారణం. లేదా నేను కూడా కారణం. రెండు నెలలుగా ఆ "కూడా" దగ్గర ఆగి నిలబడుతున్నాను. ఒక్కో రోజు ఆ మాట వేస్తాను, ఒక్కో రోజు తీసేస్తాను, తీసేసిన రోజు అన్నం సహించదు. ఈవిడకి చెప్పాలి. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పను, నన్ను నేను బాగా ఎరుగుదును. ఈ గంటలో చెప్పాలి, లేదా ఈ కవరు ఇచ్చేసి చేతులు దులుపుకుని వెళ్ళిపోవాలి.

కవరులో ఉన్నది ఒక కాగితం, కాగితం మీద మూడు వాక్యాలు. నావి కావు, నా చెల్లెలు ఇంకెన్‌వి. అది కీల్ పట్నంలో ఒక పెద్ద కంపెనీలో మనుషుల్ని చేర్చుకుని సాగనంపే విభాగంలో ఉంటుంది, దానికి ఇవన్నీ కొట్టినపిండి. ఫోన్లో గంటసేపు క్లాసు పీకింది. "అక్కా, కడుపులో ఉన్నదంతా కాగితం మీద కక్కకు. రాజీనామా అంటే ఫిర్యాదు కాదు, వీలునామా కాదు, ప్రేమలేఖ అసలే కాదు. ఫలానా తేదీకి మానేస్తున్నాను, ఒకటి. అందినట్టు రాసివ్వండి, రెండు. ఇన్నాళ్ళూ కలిసి పనిచేసినందుకు కృతజ్ఞతలు, మంచి సర్టిఫికెట్టు ఇప్పించండి, మూడు. అక్కడితో పెన్ను మూసెయ్." ఈమెయిలు చెల్లదట, కాగితం మీద సిరాతో సంతకం ఉండాలట, చేతికే ఇవ్వాలట, రెండో కాపీ మీద సంతకం పెట్టించుకోవాలట, వాళ్ళు బతిమాలినా మొహం మాడ్చుకున్నా నవ్వుతూనే ఉండాలట. ఆఖరి రోజున అందరికీ కేకు తీసుకెళ్ళాలట, అదీ బేకరీ కేకు కాదు, ఇంట్లో చేసింది. వెళ్ళిపోయేవాళ్ళే కేకు పెట్టడం ఇక్కడి రివాజు, ఇరవై రెండేళ్ళలో ఎంతమంది వెళ్ళిపోతుంటే తినుంటానో, ప్లమ్ కేకులు, చీజు కేకులు, ఒకావిడ ఏడుస్తూ కోసిన గసగసాల కేకు. నేను మొదట రాసింది నాలుగు పేజీలు. దానికి చదివి వినిపించాను. "దీన్ని రాజీనామా అనరక్కా" అంది. "మరేమంటారు?" అన్నాను. "ఒప్పుకోలు అంటారు. పోలీసులకిస్తారు, లేకపోతే చర్చిలో ఇస్తారు, మేనేజరుకివ్వరు. పైగా ఇందులో నువ్వొక్కదానివే లేవు. బియాటెని అడిగావా?" అడగలేదు. బియాటె నాతో కలిసి మధ్యాహ్నం డ్యూటీలు చేసేది, మొగుడు పోయి ఏడాది, మళ్ళీ పనిలోకి వచ్చి నిలదొక్కుకుంటోంది, ఇప్పుడిప్పుడే పెద్దగా నవ్వుతోంది. నా నాలుగు పేజీల్లో ఆవిడ పేరు తొమ్మిదిసార్లు వచ్చింది. అడ్డంగా చించి, నిలువుగా చించి, కాగితాల డబ్బాలో వేశాను, వేసేటప్పుడు ఎంత హాయి అనిపించిందో చెప్పడానికి సిగ్గేస్తోంది.

మారెన్ గారు సంచిలోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చింది. తీసుకున్నాను. ఈవిడ చేతి పిప్పరమెంటు నోట్లో పెట్టుకోవడం కంటే పెద్ద శిక్ష ఉందా, కానీ పెట్టుకున్నాను, వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఈవిడ వేళ్ళు అచ్చం వాళ్ళమ్మవే, పొట్టివి, చివర్లు కొంచెం పైకి తిరిగి ఉంటాయి. మోమ్సెన్ గారు పెళ్ళికి ముందునుంచీ రేవులో రొయ్యలు ఒలిచిందట, చిటికెడంత బూడిదరంగు రొయ్యలు, తల పట్టుకుని మెలితిప్పి లాగితే పొట్టు మొత్తం ఊడొస్తుంది, నిమిషానికి ఇన్ని అని పందెం కాసుకునేవాళ్ళట. మతి సగం జారిపోయాక కూడా వేళ్ళు మరచిపోలేదు, దుప్పటి అంచు పట్టుకుని పొద్దస్తమానం ఒలుస్తూనే ఉండేది, మెలితిప్పి లాగడం, మెలితిప్పి లాగడం. నేను మంచం పక్కనుంచి వెళితే "అమ్మాయ్, బుట్ట నిండింది, ఇంకోటి తే" అనేది. నేను తెచ్చినట్టు చేసి ఖాళీ చేతులతో పక్కన పెట్టేదాన్ని. "ఇది చిన్నది, నన్ను మోసం చేద్దామనే!" అని కసిరేది. నవ్వుకునేవాళ్ళం. "ఆటు వచ్చిందా, పోటు వచ్చిందా?" అని అడిగేది రోజూ, నేను తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పేదాన్ని, ఆవిడ కిటికీ వైపు తల తిప్పి గాలి వాసన చూసి "అబద్ధం" అనేది, ఎప్పుడూ ఆవిడదే కరెక్టు. ఎనభై ఎనిమిదేళ్ళు. ఆవిడంటే నాకు ఇష్టం, ఈ పనిలో ఇష్టాలు ఉండకూడదంటారు, కానీ ముప్పై ఒక్కమందిలో ఒకరిద్దరి గది తలుపు తీసేటప్పుడు చెయ్యి దానంతటదే మెత్తబడుతుంది. ఇష్టమే, మరి ఇష్టమైతే ఎలా చేశావు? ఎలా చేశానంటే అందరికీ ఎలా చేశానో అలాగే చేశాను, అదే కదా ఇందులో ఘోరం.

నీళ్ళ పట్టిక అని ఒకటుంటుంది. తమంతట తాము తాగలేనివాళ్ళ మంచానికి ఒక అట్ట, దాని మీద కాగితం, రెండు గంటలకోసారి ఎంత తాగారో గడిలో రాసి పక్కన పొడి అక్షరాలు వేయాలి, రోజు మొత్తానికి లీటరున్నర రావాలి. "మనం చేసినా సరే, రాయకపోతే చేయనట్టే" అని రాడ్కె గారు ప్రతి మీటింగులోనూ చెప్పేది. వినీ వినీ మేం దాన్ని తిరగేసి నమ్మడం మొదలుపెట్టాం, రాసేస్తే చేసేసినట్టేనని. డ్యూటీ ఎక్కగానే, కాళ్ళూ చేతులూ ఇంకా ఆడుతున్నప్పుడే, రాత్రి తొమ్మిదిదాకా గడులన్నీ నింపేసేవాళ్ళం, రెండొందలు, నూట యాభై, రెండొందలు, మరీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని మధ్యలో ఒక నూట ఎనభై. ఇది నేను కనిపెట్టింది కాదు, నేను చేరినప్పుడే ఉంది, ఒక పెద్దావిడ నాకు నేర్పింది, నేను ఇంకో పదిమందికి నేర్పాను. ముందు రాసుకో తల్లీ, తర్వాత నీళ్ళు పడుదువుగాని, చివర్లో రాద్దామంటే ఏడింటికి నీకు ఊపిరాడదు, అని నేర్పాను. దొంగతనం అనిపించలేదు, తెలివి అనిపించింది. చాలా రోజులు నిజంగానే తర్వాత పట్టేవాళ్ళం కూడా. మోమ్సెన్ గారికి ముక్కున్న కప్పుతో ఒక్కో గుక్కా పట్టాలి, మింగిందో లేదో గొంతు చూడాలి, తొందరపడితే పొలమారుతుంది, ఒక కప్పుకి పావుగంట. ఇద్దరం ఉంటాం, ముప్పై ఒక్కమంది ఉంటారు. ఎవరైనా వేళ్ళ మీద లెక్క వేసుకోవచ్చు. వేసుకున్నవాళ్ళెవరూ లేరు.

"మీరు బాగా చిక్కిపోయారు" అంది మారెన్ గారు. "ఒంట్లో బాగానే ఉందా?" బాగానే ఉందన్నాను. "మీకు సెలవలు ఇవ్వరు, అమ్మ ఎప్పుడూ అనేది, ఆ అమ్మాయి పరుగెడుతూనే ఉంటుందే అని." నేను అమ్మాయినట, యాభై ఒకటి నాకు. అమ్మాయినే, మోమ్సెన్ గారి మంచం దగ్గర మాత్రం. ఆవిడ పోయే ముందు, జూలైలో ఆ శుక్రవారం కూడా అలాగే పిలిచింది, అమ్మాయ్, నోరు ఎండిపోతోంది అని. మా సముద్రపు ఒడ్డున ఎప్పుడూ ఎరగని ఎండ, ముప్పై నాలుగు డిగ్రీలు, కిటికీలన్నీ చలి రాకుండా కట్టినవే కానీ గాలి రావడానికి కట్టినవి కావు, హోము మొత్తానికి రెండు ఫ్యాన్లు, ఒకటి వంటింట్లో, ఒకటి ఆఫీసులో. నా చేతిలో ఇంకొకరి మురికి దుప్పట్లున్నాయి, కారిడార్ చివర ఎవరో కిందపడి అరుస్తున్నారు, "ఇప్పుడే వస్తా" అన్నాను. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేలసార్లు అన్నానో ఆ మాట, ఇప్పుడే వస్తా, అని అటే పోవడం. వాళ్ళకీ అలవాటే, నమ్మరు, కానీ నమ్మినట్టు తల ఊపుతారు, ఆవిడా ఊపింది. వెళ్ళలేదు. మరిచిపోయానా అంటే మరిచిపోలేదు, రాసే ఉంది కదా, రాసింది చూసుకుంటే మనసు కుదుటపడుతుంది, ఆ పని అయిపోయిన పనుల్లో చేరిపోతుంది. శనివారం అంతే, ఆదివారం అంతే. బియాటె నేను పట్టాననుకుంది, నేను బియాటె పట్టిందనుకున్నాను, పొద్దుటి డ్యూటీ వాళ్ళు మమ్మల్ని అనుకున్నారు. ఒకటి మాత్రం ఇవాళ్టికీ అర్థం కాదు, ఆ మూడు రోజుల్లో ఆవిడ ఒక్కసారి కూడా గట్టిగా అరవలేదు. అరిచేవాళ్ళ దగ్గరికే మేం పరుగెత్తేవాళ్ళం.

సోమవారం పొద్దున చూసేసరికి ఆవిడ వేళ్ళు ఆగిపోయి ఉన్నాయట. నేను లేను, నా సెలవు, ఇంట్లో చల్లగా పడుకుని ఉన్నాను. అంబులెన్సు, ఆసుపత్రి, బుధవారం సాయంత్రం ఫోను. ఎండ, వయసు, మూత్రపిండాలు అని డాక్టరు రాశాడు, ఆ వారం చుట్టుపక్కల చాలామంది ముసలివాళ్ళు పోయారు, ఎవరూ ఏమీ అనుకోలేదు. పట్టికలో చూస్తే శుక్రవారం లీటరూ నాలుగొందల ఎనభై, శనివారం లీటరూ ఐదొందలు, ఆదివారం లీటరూ ఐదొందల ముప్పై. బొద్దుగా, నీటుగా, మధ్యాహ్నం నుంచి గడులూ అడుగున మొత్తమూ నా చేతిరాత. ఆగస్టులో తనిఖీ వాళ్ళు వచ్చారు. ఇద్దరు, మెడలో కార్డులు, ఫైళ్ళన్నీ తిరగేశారు, మా అంతస్తు రికార్డులు జిల్లాలో అందరికీ చూపించదగ్గవి అన్నారు, రాడ్కె గారు నా భుజం తట్టింది, సాయంత్రం అందరికీ ఐస్‌క్రీం తెప్పించింది. నేను తిన్నాను. అదేంటో, నేనన్నీ తింటాను. అంతకు ముందు మోమ్సెన్ గారిని పూడ్చాక కాఫీకి పిలిస్తే కూడా వెళ్ళాను, హోము తరఫున ఎవరో ఒకరు వెళ్ళాలి కదా, బల్లలు వేసి వెన్న కేకు పెట్టారు, పైన బాదంపప్పు, ఈ మారెన్ గారే నా ప్లేటులో రెండో ముక్క వేసింది, "అమ్మకి మీరంటే ప్రాణం" అంటూ వేసింది. మింగాను. ఆ రాత్రి కాదు, ఆ మర్నాడు కాదు, ఆరు రోజుల తర్వాత, కూరగాయల కొట్లో క్యూలో నిలబడి ఉండగా, ఎవరో ముసలాయన సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగుతుంటే చూసి క్యూలోంచి తప్పుకున్నాను. బుట్ట అక్కడే వదిలేసి బయటికి వచ్చి సైకిలు స్టాండు పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు నుంచి నీళ్ళ చప్పుడు వింటే చాలు, ఆవిడ కప్పు కళ్ళముందుకొస్తుంది. ఈ పని చేయలేను. ఇంకే పనీ రాదు. మానేస్తే ఏమవుతుందో తెలియదు, మానేయకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు, పట్టిక ముందు పెన్ను పట్టుకుని నిలబడితే చెయ్యి ఇప్పటికీ ముందే రాసేస్తుంది. అవును, ఇప్పటికీ. నిన్న కూడా రాశాను. అదీ నా పశ్చాత్తాపం, ఛీ.

పదకొండూ ఇరవై ఐదు. లోపల రాడ్కె గారు నవ్వుతోంది, ఆవిడ నవ్వు తలుపులోంచి వినిపిస్తుంది. ఆవిడ చెడ్డదేం కాదు, డ్యూటీ చార్టు ముందు కూర్చుని ఏడవడం నేను ఒకసారి చూశాను, మనుషులు దొరకడం లేదు హైంకె, ఎక్కణ్ణుంచి తెమ్మంటారు అంటూ. ఆవిడ మీద నెట్టేద్దామని కూడా ప్రయత్నించాను, మనసులోనే, చాలాసార్లు. నిలబడదు. నా పెన్ను ఆవిడ పట్టుకోలేదు.

"మీకొకటి చూపించాలి" అని మారెన్ గారు సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టిన కాగితం తీసింది. "పేపర్లో వేయిద్దామని. ఇంతకు ముందే వేయించాల్సింది, నాకే ఒంట్లో బాగాలేక ఆలస్యమైంది. మీ పేర్లు వేయాలంటే మేనేజరు గారి అనుమతి కావాలన్నారు పేపరు వాళ్ళు, అందుకే వచ్చాను." చదవమని నా చేతిలో పెట్టింది. ఇంట్లో ఎవరైనా పోయాక, పూలు పంపినవాళ్ళకీ చేతులు పట్టుకున్నవాళ్ళకీ కృతజ్ఞత చెబుతూ ఊరి పేపర్లో నల్ల గీతల మధ్య వేయిస్తారు కదా, అది. నేను వందసార్లు చదివాను అలాంటివి, మా హోము పేరుంటే కత్తిరించి కాఫీ గదిలో గోడకి అంటిస్తాం. మా అమ్మ టోమ్మా మోమ్సెన్‌ని సాగనంపడంలో మాకు తోడున్న అందరికీ కృతజ్ఞతలు. ఆమె ఆఖరి రోజుల్లో కంటికి రెప్పలా చూసుకున్న హైంకె గారికి, బియాటె గారికి మా కుటుంబం ఎప్పటికీ రుణపడి ఉంటుంది. దాని కింద ఒక చిన్న పడవ బొమ్మ. "పడవ ఎక్కువైందంటారా?" అని అడిగింది. లేదన్నాను. "తమ్ముడు వద్దంటున్నాడు, నాకేమో పడవ ఉండాలని ఉంది." ఉండనివ్వండి అన్నాను. కాగితం నా చేతిలోనే ఉంది, కింద నా ఒళ్ళో నా కవరు, మర్యాదగా రాసిన రెండు కాగితాలు, రెండింట్లోనూ కృతజ్ఞతలు, రెండింట్లోనూ ఒక్క నిజం లేదు. కాఫీ గదిలో గోడకి దీన్ని అంటిస్తారు. బియాటె అంటిస్తుంది. పసుపు పచ్చబడి రాలిపోయేదాకా అక్కడే ఉంటుంది, కొత్తగా చేరే పిల్లలు కాఫీ తాగుతూ చదువుతారు, ఈ హైంకె ఎవరు, అబ్బ, ఎంత బాగా చూసుకుందో అనుకుంటారు. నేను మూడు వాక్యాలతో బయటపడతాను, ఎక్కడో ఊరి చివర పూల కొట్లో పనికి కుదురుతాను, నీళ్ళు పోయకపోయినా ఎవరూ అడగని చోట. కాదు, పూలకైనా పోయాలి. ఇంకెన్ ఇప్పుడుంటే కాలు తొక్కేది. నవ్వు అక్కా, నవ్వు.

"నా పేరు వేయకండి" అన్నాను.

"మొహమాటపడకండి, మీలాంటివాళ్ళ గురించి నాలుగు మాటలు..."

"మొహమాటం కాదు మారెన్ గారూ. మీ అమ్మకి నేను నీళ్ళు పట్టలేదు. శుక్రవారం, శనివారం, ఆదివారం. పట్టినట్టు రాశాను. రోజుకి లీటరున్నర, అంతా కాగితం మీదే. నోరెండిపోతోందని అడిగింది, వస్తానని చెప్పి వెళ్ళలేదు."

అంతే, ఇంత చిన్నది. రెండు నెలలు మోసింది పావు నిమిషంలో అయిపోయింది. తేలికపడతాననుకున్నాను, లేదు, పైగా ఇప్పుడు ఆవిడ మొహం కూడా చూడాల్సి వచ్చింది. ఆవిడ లేచి కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. అరుస్తుందనుకున్నాను, లోపలికి పరుగెత్తి అందరినీ పిలుస్తుందనుకున్నాను. ఆవిడ నా చేతిలోంచి కాగితం మెల్లిగా తీసుకుని మళ్ళీ ప్లాస్టిక్ కవరులో పెట్టింది. మూత సరిగ్గా పడలేదు, రెండుసార్లు నొక్కింది. కారిడార్‌లో ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్ళారు, ఇద్దరం నవ్వి మొయిన్ అన్నాం, అలవాటు.

"శనివారం నేను వచ్చాను" అంది, నా వైపు చూడకుండా. "మీరు చూడలేదేమో, మూడింటి బండికి వచ్చాను. బల్ల మీద కప్పు నిండా ఉంది. మూతికి పెట్టాను, పెదాలు బిగించింది. నాకు చేతకాదులే, వాళ్ళకి తెలుసు, వాళ్ళు పడతారు అనుకున్నా. వెళ్ళేటప్పుడు ఆ నీళ్ళు సింకులో పారబోశాను. కప్పు కడిగి బోర్లించాను."

"ఎందుకు?" అన్నాను.

"ఎవరైనా పెద్దవాళ్ళొచ్చి చూస్తే మిమ్మల్ని కేకలేస్తారేమోనని. ఇద్దరే ఉన్నారు, జుట్టంతా చెమటతో తడిసిపోయి పరుగులు పెడుతున్నారు. పాపం అనిపించింది. ఆదివారం కూడా అలాగే చేశాను." సంచి మూసుకుంటూ, "ఆదివారం కప్పు మీద ఈగ కూర్చుని ఉంది" అంది.

అప్పుడు గుర్తొచ్చింది, లేదా ఎప్పుడూ గుర్తుండే ఉంది కానీ దాన్ని నేను అటు తిప్పి చూడలేదు. ఆ శనివారం ఆరింటికి నేను ఆ గది గుమ్మందాకా వెళ్ళాను. వెళ్ళాను నిజంగా, ఈసారి పడదామనే వెళ్ళాను. కప్పు శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. హమ్మయ్య, బియాటె పట్టేసిందన్నమాట అనుకున్నాను, గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను. ఆవిడ కళ్ళు మూసుకుని దుప్పటి ఒలుస్తోంది, లేపడం ఎందుకులే అనిపించింది. ఈ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే నా వాటాలో సగం ఈవిడ మీదికి పోతుంది, ఇంకా ఎక్కువే పోతుంది, ఈ జన్మకి ఈవిడ మళ్ళీ ఒక్క కప్పు కూడా కడగదు. చెప్పకపోయినా ఈవిడ ఇవాళ్టి నుంచి తిన్నగా నిద్రపోదు, ఆ పుణ్యం నేనిప్పుడే కట్టుకున్నాను. నా బరువు దించుకుందామని తల్లి పోయిన మనిషి ఒళ్ళో పెట్టాను. ఆ గుమ్మం మాట మింగేశాను. ఇంకెన్ నేర్పింది ఇదే కాబోలు, కారణం రాయకపోవడం, కానీ అది ఎవరి మేలు కోసమో అప్పుడు నాకు తెలియదు, బహుశా దానికీ తెలియదు.

తలుపు తెరుచుకుంది. మీటింగు వాళ్ళు బిలబిలమంటూ వెళ్ళిపోయారు, వెనకాల రాడ్కె గారు, కళ్ళజోడు తల మీదికి తోసుకుని, "అయ్యో, ఇద్దరు కాచుకున్నారే! ఎవరు ముందు?" అంది. పన్నెండుకి పదిహేను నిమిషాలు. మారెన్ గారు లేచింది. లేచి, నా వైపు వంగి, రహస్యంలా అంది, "పేర్లు అలాగే ఉంచేస్తాను. తీసేస్తే ఎందుకు తీశావని తమ్ముడు అడుగుతాడు. నేనేం చెప్పను?" లోపలికి వెళ్ళింది, తలుపు ఓరగా ఉండిపోయింది, రాడ్కె గారు కాగితం చదువుతున్న చప్పుడు లేని చప్పుడు, తర్వాత "ఎంత బాగా రాశారండీ, మా పిల్లలకి ఇదే పెద్ద బహుమతి" అన్న మాట, తర్వాత ముక్కు చీదిన చప్పుడు, ఎవరిదో తెలియలేదు. బయటికి వచ్చినప్పుడు మారెన్ గారు నా చెయ్యి పట్టుకోలేదు. "వచ్చే శనివారం పేపర్లో వస్తుందట" అంది, ఎటో చూస్తూ, సంచి గుండెకి అదుముకుని మెట్ల వైపు వెళ్ళిపోయింది. లిఫ్టు ఉన్నా ఎక్కలేదు.

నేను నిలబడే ఇచ్చాను. రాడ్కె గారు చదివి కుర్చీలో వెనక్కి వాలింది. "ఇరవై రెండేళ్ళు" అంది. "నన్ను అడగొద్దంటారు, సరే, అడగను. కానీ ఒకటి చెబుతాను హైంకె, ఇంత పద్ధతిగా ఇచ్చినవాళ్ళని నేను చూడలేదు. కొందరు తలుపులు బాది పోతారు, కొందరు ఫోన్లో మెసేజి పెడతారు. సర్టిఫికెట్టు నేనే కూర్చుని రాస్తాను, ఎక్కడికెళ్ళినా కళ్ళకద్దుకుని తీసుకుంటారు." రెండో కాపీ మీద తేదీ వేసి సంతకం పెట్టింది, టైము కూడా వేసింది, పదకొండూ యాభై రెండు. కృతజ్ఞతలు అన్నాను. నవ్వాను కూడా. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి మళ్ళీ పిలిచింది, చేతిలో డ్యూటీ చార్టు, మొహం అప్పుడే మారిపోయింది. "ఇప్పుడు అడగడం బాగుండదని తెలుసు. బియాటెకి నడుం పట్టేసిందట, ఇందాకే ఫోను చేసింది. ఒంటిగంట డ్యూటీకి మీ అంతస్తులో ఒక్కర్తే ఉంది, అదీ ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్ల, ఇవాళే మొదటి రోజు, ఏది ఎక్కడుందో కూడా తెలియదు. మీకివాళ సెలవని తెలుసు..."

కాదనలేదు. పైకి వెళ్ళి తెల్లచొక్కా తొడుక్కున్నాను. ఆ పిల్ల పట్టికలన్నీ బల్ల మీద పరిచి, పెన్ను పట్టుకుని, బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. "ఇవి ఎప్పుడు నింపాలండీ?" అని అడిగింది. తాగించాక, అన్నాను. "ముప్పై ఒక్కమందికీనా?" అంది, కారిడార్ అటు చివరినుంచి ఇటు చివరిదాకా చూస్తూ. నేను ముక్కున్న కప్పు నింపుకుని మొదటి గది తలుపు తీశాను.